ప్రెగ్నెన్సీలో షుగర్ వచ్చిందా? అన్నం మానకుండా అదుపులో పెట్టుకోవడం ఎలా

"షుగర్ వచ్చిందన్నారు. ఇక అన్నం మానేయాలా?" వారానికి ఇద్దరైనా నన్ను ఇదే అడుగుతున్నారు. చెల్లి స్నేహితురాలు, ఎదురింటి అమ్మాయి, ఆఖరికి నా బ్లౌజులు కుట్టే ఆవిడ కోడలు కూడా. ఒక్కొక్కరికీ ఫోన్‌లో అరగంట చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

మానేయక్కర్లేదు. మానకూడదు కూడా. కడుపులో బిడ్డకు పిండిపదార్థం కావాలి. గర్భిణికి రోజుకు కనీసం 175 గ్రాములు అందాలని లెక్క.

నాకు రెండో కాన్పులో, 26వ వారంలో బయటపడింది. 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటలాగి రక్తం తీశారు. 140 దగ్గర నుంచి షుగర్ కిందే లెక్క, నాకు 163. చేతిలో ఒక జిరాక్స్ కాగితం పెట్టి పంపేశారు. అందులో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, ఆలివ్ నూనె, సలాడ్. అన్నం దగ్గర మాత్రం ఒకటే మాట: 'మితంగా'. మితం అంటే మా అత్తగారి లెక్క ఒకటి, మా అమ్మ లెక్క ఇంకొకటి. ఆ మాటకు అర్థం పట్టుకోవడానికి నాకు మూడు వారాలు, వంద దాకా స్ట్రిప్పులు పట్టాయి. మీకు అందులో సగం ఖర్చయినా తగ్గాలని ఇది.

నేను డాక్టర్‌ని కాను. మీ డాక్టర్ చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా ఉంటే డాక్టర్ మాటే పట్టుకోండి. ఇన్సులిన్ మొదలుపెట్టినవాళ్లు తిండి తగ్గించే ముందు తప్పకుండా అడగాలి. మందు అంతే ఉండి తిండి తగ్గితే షుగర్ పడిపోతుంది.

కావలసినవి

- గ్లూకోమీటర్, దానికి సరిపోయే స్ట్రిప్పులు. మీటర్ చవగ్గా వస్తుంది, స్ట్రిప్పులే ఖరీదు. కొనేముందు స్ట్రిప్పు ధర అడగండి.
- ఒక నోటు పుస్తకం. ఫోన్‌లో రాసుకోవచ్చు గానీ, డాక్టర్ ముందు పుస్తకం తెరిచినంత సులువు కాదు.
- 200 మిల్లీలీటర్లు పట్టే కప్పు ఒకటి. మొదటి వారం అన్నం దీంతోనే కొలవాలి. తర్వాత కంటికే తెలిసిపోతుంది.
- పెసలు, శనగలు, అలసందలు, కందిపప్పు. గుడ్లు, చేప, చికెన్ తినేవాళ్లకు అవి. తినని వాళ్లకు పెరుగు, పనీర్, మీల్‌మేకర్.
- ఆకుకూరలు, నీరుకాయలు దండిగా.
- మీ వంటింటి పెత్తనం ఎవరిదైతే వాళ్ల సహకారం. ఇది దుకాణంలో దొరకదు, అయినా లిస్టులో మొదట ఉండాల్సింది ఇదే.

రెండు ముక్కల్లో సంగతి

గ్లైసిమిక్ ఇండెక్స్ అంటే ఒక పదార్థం తిన్నాక రక్తంలో షుగర్ ఎంత పైకి ఎక్కుతుందో చెప్పే అంకె. గ్లూకోజ్‌ను 100 అనుకుని మిగతావాటిని దానితో పోలుస్తారు. 55 వరకు తక్కువ, 56 నుంచి 69 మధ్యస్థం, 70 నుంచి ఎక్కువ. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం తెచ్చిన పద్ధతి ఇది. ఆ పట్టికలో ఒక్కో పదార్థాన్నీ విడిగా తినిపించి కొలుస్తారు. మనమేమో అన్నంలో పప్పు, నెయ్యి, పక్కన కూర, చివర మజ్జిగ వేసుకుని తింటాం. అందుకని పట్టిక చూసి మొదలుపెట్టండి, తేల్చుకోవడం మాత్రం మీ మీటర్‌తోనే.

1. మొదటి రెండు రోజులు మామూలుగా తిని, అంతా రాయండి

జ్యూసులు, స్వీట్లు, టీలో చక్కెర ఈ రోజే ఆపేయండి. మిగతాది మాత్రం రెండు రోజులు ఎప్పటిలాగే తినండి. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, అంకె ఎంత అన్నది రాయండి. మీ షుగర్ ఏ పూట ఎగబాకుతోందో తెలియకుండా అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. చాలామందికి పొద్దున టిఫిన్ దగ్గరే తంటా. ఆ వేళ ఒంట్లో హార్మోన్ల ప్రభావం ఎక్కువ. అదే ఇడ్లీ సాయంత్రం తింటే ఊరుకునే షుగర్ పొద్దున లేచి కూర్చుంటుంది.

2. మీటర్ వాడకం సరిచూసుకోండి

రోజుకు నాలుగుసార్లు చూడమంటారు: పరగడుపున ఒకసారి, మూడు పూటలా తిన్నాక ఒక్కోసారి. చేరాల్సిన అంకెలు ఇవి:

- పరగడుపున 95 లోపు
- తిన్న గంటకు 140 లోపు
- తిన్న రెండు గంటలకు 120 లోపు

గంటకా, రెండు గంటలకా అన్నది మీ డాక్టర్ చెప్తారు. ఏదో ఒకటే పాటించండి, ఒకరోజు అది ఒకరోజు ఇది చూస్తే పోల్చుకోలేరు. టైము లెక్క మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి. చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి లెక్కేస్తే ఇరవై నిమిషాలు తేడా వస్తుంది. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్ల మీటర్లలో ఇవే అంకెలు 5.3, 7.8, 6.7గా కనిపిస్తాయి.

గుచ్చే ముందు సబ్బుతో చేతులు కడిగి పొడిగా తుడుచుకోండి. ఒకరోజు బత్తాయి వలిచిన చేత్తోనే గుచ్చుకున్నాను. 211 చూపించింది. గుండె జారిపోయింది. మా ఆయన మెల్లగా "చేతులు కడిగావా?" అన్నారు. కడిగి ఇంకో వేలికి చూస్తే 118. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. రక్తం రాకపోతే గట్టిగా పిండకండి, చెయ్యి కిందికి వేలాడదీసి కాసేపు ఆగండి. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించండి, తేమకు పాడవుతాయి.

ల్యాబ్‌లో రక్తం ఇచ్చే రోజు మీటర్ కూడా వెంట తీసుకెళ్లి అక్కడే ఒకసారి గుచ్చుకోండి. రెంటికీ నూటికి పదిహేను దాకా తేడా మామూలే. అంతకు మించితే మీటర్‌నే అనుమానించాలి.

3. రోజును ఆరు పూటలు చేయండి

మూడు భోజనాలు, మధ్యలో మూడు చిన్న తిండ్లు. ఒకేసారి దంచకుండా 175 గ్రాముల పిండిపదార్థాన్ని రోజంతా పంచడమే ఇందులో కిటుకు. ఉజ్జాయింపుగా పొద్దున 30 గ్రాములు, మధ్యాహ్నం 45, రాత్రి 45, మిగతా మూడుసార్లూ 15 నుంచి 20.

గ్రాములు మన వంటింట్లో ఎలా తెలుస్తాయంటారా? 15 గ్రాములంటే వీటిలో ఏదో ఒకటి: వండిన అన్నం మూడోవంతు కప్పు, చిన్న పుల్కా ఒకటి, మామూలు సైజు ఇడ్లీ ఒకటి, చిన్న ఆపిల్ ఒకటి. జొన్న రొట్టె పెద్దదైతే రెండు పుల్కాల కింద వేసుకోండి. అంటే మధ్యాహ్నం వండిన అన్నం ఒక కప్పు. ఒకటే. అదీ నొక్కి కూరకుండా.

నాకు ఆ కాగితం చెప్పకుండా వదిలేసిన 'మితంగా' ఇదన్నమాట.

4. అన్నమంతా మొదటే, ఒకే కుప్పగా

మనం దెబ్బతినేది ఇక్కడే. తెలుగు భోజనంలో అన్నం ఒక్కసారి వడ్డించుకోం. పప్పన్నానికి ఒక కుప్ప, కూరకు ఒకటి, పులుసుకో చారుకో ఇంకొకటి, చివర పెరుగన్నానికి మరొకటి. ప్రతి కుప్పా చిన్నదే. నేను కొలిచి చూస్తే ఆ నాలుగు చిన్న కుప్పలూ కలిపి రెండున్నర కప్పులు తేలాయి! 'నేను కొంచెమే తింటాను' అని ఒట్టేసి చెప్పేదాన్ని.

కాబట్టి కప్పుతో కొలిచి అన్నం మొత్తం ఒకేసారి కంచంలో పెట్టుకోండి. కంచంలో సగం కూరలు, పావు భాగం పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు అన్నం. ఆ కుప్పలోంచే పప్పుకు, కూరకు, పులుసుకు సర్దుకోండి. అయిపోతే అయిపోయింది. పెరుగన్నం తినందే భోజనం చేసినట్టుండదనిపిస్తే ఆ కుప్పలోంచే నాలుగు ముద్దలు ముందే పక్కకు తీసి పెట్టుకోండి, లేదా చివర గ్లాసు మజ్జిగ తాగండి.

పప్పు చిక్కగా ఉండాలి, రెండు గరిటెలు వేసుకోవాలి. పల్చటి చారూ సాంబారూ పప్పు లెక్కలోకి రావు. పైగా చారన్నం నమలకుండానే గొంతు దిగిపోతుంది, మళ్లీ అన్నం పెట్టుకోబుద్ధేస్తుంది.

5. బియ్యం మార్చి చూడండి

మామూలు తెల్ల బియ్యం చాలా రకాలకు గ్లైసిమిక్ ఇండెక్స్ 70కి అటూ ఇటూ. మన దగ్గరే పుట్టిన రెండు రకాలు దీనికంటే బాగా తక్కువ. ఒకటి తెలంగాణ సోనా, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048. రెండోది హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, అక్కడిదే వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి. రెండింటికీ 51 చుట్టుపక్కల తేలింది. సన్నబియ్యమే కాబట్టి రుచికి ఇబ్బంది లేదు. సంచి మీద రకం పేరు స్పష్టంగా లేకపోతే కొనకండి. 'షుగర్ బియ్యం' అని అంటించి ఎక్కువ ధరకు ఏవేవో అమ్ముతున్నారు.

ఇవి దొరకనివాళ్లకు ఉప్పుడు బియ్యం కాస్త నయం. విదేశాల్లో ఉన్నవాళ్లు పొడుగు గింజ బాస్మతి వాడుకోవచ్చు. బ్రౌన్ రైస్ పీచు ఎక్కువని మంచిదే గానీ, నా అంకెల్లో పెద్ద తేడా చూపించలేదు. ఏ బియ్యమైనా పలుకుగా వండండి. ముద్దగా, మెత్తగా ఉడికితే అంత త్వరగా అరుగుతుంది, అంత త్వరగా షుగర్ ఎక్కుతుంది.

హెచ్చరిక: 51 కదా అని రెండు కప్పులు లాగిస్తే లాభం లేదు. రకం ఏదైనా కప్పు కప్పే.

కొర్రలు, సామల గురించి అడుగుతారు. వాటిలోనూ ఉన్నది పిండిపదార్థమే. గింజగా వండుకుని అన్నం బదులు అదే కప్పు కొలతతో తినండి. పిండి పట్టించి రొట్టెలు, జావలు చేస్తే ఆ మేలు చాలావరకు పోతుంది.

6. ముందు కూర, చివర అన్నం

అన్నం జోలికి వెళ్లకముందే కూరలో సగం, గుడ్డో చికెన్ ముక్కో ఉంటే అదీ, ఒట్టిగా తినేయండి. ఆ తర్వాతే అన్నం కలుపుకోండి. కడుపులోకి ముందు పీచు, మాంసకృత్తులు వెళ్తే వెనక వచ్చే అన్నం నెమ్మదిగా అరుగుతుంది. ఇది నేను నమ్మక, ఒకే భోజనాన్ని రెండు రోజులు రెండు రకాలుగా తిని చూశాను. కప్పు అన్నం, తోటకూర పప్పు, దొండకాయ వేపుడు, ఒక గుడ్డు. మొదటి రోజు మామూలుగా కలుపుకుని తింటే గంటకు 151. రెండో రోజు కూర, గుడ్డు ముందు తింటే 132. మీకూ ఇంతే వస్తుందని కాదు, ఒకసారి చూసుకోండి.

కూర ఒట్టిగా తినాలంటే ఉప్పూ కారం తగ్గించి వండాల్సిందే. మొదటి రెండు రోజులు ఇంట్లో మిగతావాళ్లు మొహం చిట్లిస్తారు. బీర, సొర, బెండ, దొండ, వంకాయ, గోరుచిక్కుడు, ఆకుకూరలన్నీ ఎంతైనా తినొచ్చు. బంగాళదుంప, కంద, చేమ, చిలగడదుంప వండిన రోజు వాటిని కూర అనుకోకండి, అన్నం లెక్కలో వేసి అంత అన్నం తగ్గించండి.

7. టిఫిన్

పొద్దున ఎక్కువ జాగ్రత్త పడాలి కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను.

అన్నింటికంటే నాకు కలిసొచ్చింది పెసరట్టు. కప్పు పెసలు నాలుగైదు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి మరీ మెత్తగా కాకుండా రుబ్బండి. కరకరలాడాలని గుప్పెడు బియ్యం వేయడం మనవాళ్ల అలవాటు, అది మానండి. పెనం బాగా కాలాక పల్చగా తిప్పి, పైన ఉల్లిపాయ ముక్కలు దండిగా చల్లండి. రెండు అట్లు తినొచ్చు. రెండు జాగ్రత్తలు: లోపల ఉప్మా పెట్టకండి, ఎమ్మెల్యే పెసరట్టుకు కొన్నాళ్లు సెలవు. అల్లప్పచ్చడిలో బెల్లం ఉంటుంది, దాని బదులు పల్లీ పచ్చడో కొబ్బరి పచ్చడో చేసుకోండి. నేను పదిహేను రోజులు ఆ పచ్చడి సంగతే గమనించలేదు, అంకె ఎందుకు ఊగుతోందో అర్థం కాక పెసలనే అనుమానించాను.

ఇడ్లీ కావాలంటే రెండే. పక్కన ఉడికించిన గుడ్డు ఒకటో రెండో, పల్లీ పచ్చడి, కూరగాయ ముక్కలు ఎక్కువ వేసిన సాంబారు. దోసె అయితే ఒకటి, మినప్పప్పు పాలు పెంచి రుబ్బుకోండి. ఉప్మా తినాలంటే బొంబాయి రవ్వ మాని దొడ్డు గోధుమ రవ్వ తీసుకోండి, రవ్వకు సమానంగా కూరగాయలు పడాలి. అటుకులు, మరమరాలు, పూరీ, బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్ ఈ మూడు నెలలూ పొద్దున పూట వద్దు. ఓట్స్ తినితీరాల్సిన అవసరమేమీ లేదు. తింటే దొడ్డువి తినండి, రెండు నిమిషాల్లో ఉడికేవి వద్దు.

ఇక రాగిజావ. షుగర్ అనగానే పొద్దున్నే గ్లాసుడు రాగిజావ చేతిలో పెట్టని అమ్మా లేదు, అత్తా లేదు. రాగుల్లో కాల్షియం ఉన్న మాట నిజమే. కానీ మెత్తగా పట్టించిన పిండిని నీళ్లలో ఉడికించి తాగితే అది నమలాల్సిన పని కూడా లేకుండా నేరుగా అరిగిపోతుంది. షుగర్ ఝుమ్మని ఎక్కుతుంది. నాకు ఒక్క గ్లాసుకే, చక్కెర వేయకుండా, గంటకు 172. ఇంట్లో గొడవ వద్దనుకుంటే వాదించకండి. తాగి, గంటాగి, వాళ్ల ముందే గుచ్చుకుని అంకె చూపించండి. మా అత్తగారు మర్నాటి నుంచి జావ ఊసెత్తలేదు.

8. మధ్యలో తినేవి

పదకొండుకు, సాయంత్రం అయిదుకు, పడుకునే ముందు. ఉడికించి తాలింపు పెట్టిన శనగలు గుప్పెడు అన్నింటికంటే మేలు. శ్రావణమాసంలో పేరంటాల నుంచి ఇంటికొచ్చే వాయనం శనగలన్నీ నాకే వచ్చేవి. వేయించిన పల్లీలు, బాదం, మజ్జిగ, పెరుగులో కీరా, ఉడికించిన అలసందలు కూడా పనికొస్తాయి. మొలకలు తినేవాళ్లు పచ్చివి తినకండి, గర్భంతో ఉన్నప్పుడు ఉడికించినవే క్షేమం.

పండు రోజుకు ఒకటి రెండుసార్లు, టిఫిన్‌తో కలపకుండా విడిగా. జామ, ఆపిల్, నేరేడు, బత్తాయి, దానిమ్మ. తొనలుగా తినండి, జ్యూసు చేయకండి. మామిడికాయల కాలమైతే నాలుగు ముక్కలు, భోజనం తర్వాత కాకుండా సాయంత్రం, పక్కన నాలుగు బాదం గింజలు. అరటిపండు చిన్నది సగం. సపోటా, సీతాఫలం ఈసారికి వదిలేయండి. కొబ్బరినీళ్లలోనూ తీపి ఉంది, రోజూ మంచినీళ్లలా తాగకండి.

సీమంతం సరిగ్గా ఈ నెలల్లోనే వచ్చి పడుతుంది. అయిదు రకాల స్వీట్లు ముందు పెట్టి, ప్రతి ముత్తయిదువా నోట్లో ఒక ముక్క కుక్కుతుంది. పుట్టింటి చలిమిడి సరేసరి, బియ్యప్పిండి, బెల్లం రెండూ అందులోనే. కాదంటే అమ్మ బాధపడుతుంది. నేను చేసింది చెప్తాను: చిన్న ఉండ ఒకటి కళ్లకద్దుకుని భోజనం చివర తిన్నాను, ఆ పూట అన్నం ముట్టలేదు, తర్వాత అరగంట వరండాలో తిరిగాను. గంటకు 138. గండం గడిచింది. మిగిలిన చలిమిడి పేరంటాళ్లకు పంచేశాం.

9. తిన్నాక నడవండి

పది పదిహేను నిమిషాలు, మూడు పూటలా. డాబా మీదో, వీధి చివరి దాకానో. డాక్టర్ బెడ్ రెస్ట్ చెప్పినవాళ్లకు ఇది వర్తించదు.

10. పరగడుపు అంకె దిగకపోతే

అన్నింటికంటే మొండిది ఇదే. రాత్రి భోజనం ఎనిమిది లోపు ముగించండి. పడుకునే ముందు చిన్నదేదైనా తినండి: అర గ్లాసు పాలు, నాలుగు బాదం గింజలు, లేదా ఒక పుల్కాలో పనీర్. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే పొద్దుటికి షుగర్ తగ్గుతుందనుకుంటారు, కొందరికి ఎదురు తిరుగుతుంది. నాలుగైదు రోజులు ఇలా చేసినా 95 కిందికి రాకపోతే అది తిండితో తేలేది కాదు, డాక్టర్‌కు చెప్పండి.

11. వారానికోసారి పుస్తకం తిరగేయండి

ఒక్క అంకె చూసి టెన్షన్ పడకండి. నిద్ర లేకపోయినా, జ్వరం వచ్చినా, ఇంట్లో మాటామాటా అనుకున్నా పెరుగుతుంది. ఒకే పూట, వారంలో మూడుసార్లు గీత దాటిందా అని చూడండి. దాటితే ఆ పూటలో ఒక్కటే మార్చండి: ముందు కొలత, తర్వాత వరస, ఆ తర్వాత రకం. మార్చాక రెండు మూడు రోజులు చూసి మళ్లీ రాయండి.

ఇంత చేసినా రెండు వారాల్లో దారికి రాకపోతే మందు అవసరం పడొచ్చు. ఆహారంతో రెండు వారాలు చూసి, తిన్న రెండు గంటలకు 120 కిందికి రాకపోతే మందు మొదలుపెట్టమని మన ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. 26వ వారంలో పనిచేసిన భోజనం 32వ వారంలో పనిచేయకపోవడం కూడా మామూలే. మాయ నుంచి వచ్చే హార్మోన్లు నెల నెలా పెరుగుతాయి, ఇన్సులిన్‌ను పనిచేయనివ్వవు. నాకూ 33వ వారంలో రాత్రిపూట ఇన్సులిన్ పెట్టారు. నేనేదో తప్పు తిన్నానని రెండు రోజులు ఏడ్చాను. ఆ ఏడుపు దండగ.

ఎక్కువగా చేసే పొరపాట్లు

*అన్నం పూర్తిగా మానేయడం.* అంకెలు అద్భుతంగా వస్తాయి. బరువు తగ్గిపోతుంది, నీరసం, వాంతులు, మూత్రంలో కీటోన్లు (పిండిపదార్థం చాలక ఒంట్లో కొవ్వు కరిగితే పుట్టేవి). ఏడో నెలలో బరువు తగ్గుతోందంటే అంకె బాగున్నా మీ పద్ధతి బాగాలేనట్టే.

*చక్కెర బదులు బెల్లం, తేనె, ఖర్జూరం.* షుగర్ విషయంలో ఇవన్నీ అన్నదమ్ములే.

*షుగర్ ఫ్రీ బిస్కెట్లు.* చక్కెర లేదు సరే, మైదా ఉంది.

*గంజి వారిస్తే షుగర్ పోతుందనుకోవడం.* పోయేది కొంచెం పిండి, దాంతోపాటు బి విటమిన్లు. కప్పు లెక్క మారదు.

*చద్దన్నం.* అన్నం చల్లారితే కొంత పిండి త్వరగా అరగని రకంగా మారుతుంది, నిజమే. తేడా కొంచెమే, కొలత కొలతే. రాత్రంతా బయట ఉంచిన అన్నం గర్భిణులకు మంచిది కాదు. వండిన గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టినదైతేనే, బాగా వేడిచేసి తినండి.

*కాకర రసం, మెంతుల కషాయం.* కాకరకాయ కూర తినండి, పోపులో మెంతులు వేయండి. రసాలు, పొడులు మందులా తాగకండి.

*ఉపవాసాలు.* వరలక్ష్మీ వ్రతం నాడు ప్రసాదం ఆలస్యమైతే ముందే తినేయండి. అమ్మవారు ఏమీ అనుకోదు.

*చూసే రోజు మాత్రం తక్కువ తినడం.* డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు రోజు బుద్ధిగా ఉండి అంకె బాగా తెచ్చుకోవడం. నవ్వుకోకండి, చాలామంది చేస్తారు, నేనూ చేశాను. నష్టం మనకే.

వెంటనే ఫోన్ చేయాల్సిన సందర్భాలు

బిడ్డ కదలికలు తగ్గినట్టనిపిస్తే పుస్తకం, మీటర్ అన్నీ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. అంకె 200 దాటి, చేతులు కడిగి మళ్లీ చూసినా అలాగే ఉంటే అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి. వాంతులై తిండి నిలవకపోయినా అంతే.

ఇన్సులిన్ వాడేవాళ్లకు చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. పెరగకపోతే ఇంకోసారి తాగండి, పెరిగాక ఏదైనా తినండి. చక్కెర పొట్లం ఒకటి హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండాలి.

కాన్పు తర్వాత

చాలామందికి బిడ్డ పుట్టగానే షుగర్ మామూలైపోతుంది, మీటర్ అటకెక్కుతుంది. అయినా ఆరు వారాలకు మళ్లీ 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి. ఒకసారి ఇలా వచ్చినవాళ్లకు తర్వాత మామూలు షుగర్ వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువ, కాబట్టి ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండాలి. పసిబిడ్డతో ఆ తేదీ గుర్తుండదు. బిడ్డకు ఆరు వారాల టీకాలు ఎలాగూ వేయించాలి, టీకా కార్డు మీదే 'అమ్మకు షుగర్ పరీక్ష' అని పెన్నుతో రాసి పెట్టుకోండి. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా పొద్దున్నే వెళ్లాలి. పాలు పట్టి బయల్దేరండి, ల్యాబ్‌లో రెండు గంటలు కూర్చోబెడతారు.